దర్శనము – నిదర్శనము: మతసంస్థల ఛాయాచిత్ర సంపుటములపై ఒక పరిశీలనము

మహాపురుషుల చరిత్రములను రచించుట తెలుగువారికి క్రొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రమును ద్విపదలో రచించెను. తాళ్ళపాక చిన్నన్న తన తాతయగు అన్నమాచార్యుని చరిత్రమును ఆ ఛందముననే కూర్చెను. ఈ గ్రంథములను చదువునపుడు నాయకుని రూపమును మనము పదముల వలననే ఊహించుకొందుము. పండితారాధ్యుని ముఖమెట్లుండెనో మనకు తెలియదు; తెలియలేదన్న కొరతయు చదువరికి తోచదు. కవి చెప్పినంత మేరకే ఆయన మనకు గోచరించును. ఛాయాచిత్రము వచ్చిన తరువాత ఈ స్థితి మారినది. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదము మొదలుకొని మతాచార్యుల జీవితములు కలముతోపాటు కెమెరాచేతను నమోదగుచు వచ్చినవి. ఇరువదవ శతాబ్దిలో చిత్రములే ప్రధానముగను, వాక్యములు వాని వెంట నడచునవిగను ఉండు గ్రంథములు బయలుదేరినవి. ఒక సంస్థను, దాని నాయకుని, అనుచరులను, ఉత్సవములను, కట్టడములను వరుసగా చూపు ఈ సంపుటములను నేడు జీవితచరిత్ర వాఙ్మయములో ఒక శాఖగా గణింపవలసియున్నది.

వీనిని సాహిత్యశాఖవారు పరిశీలింపనేల యను ప్రశ్న పుట్టవచ్చును. సమాధానము సులభము. ఇవి గ్రంథములు. వీనికి కూర్పరి కలడు. ఆద్యంతములు కలవు. ఒక చిత్రము తరువాత మరియొక చిత్రము వచ్చుటలో కథనక్రమము కలదు. చిత్రము క్రింది వ్రాతలో వ్యాఖ్యానము కలదు. మూలమునకు వ్యాఖ్యాత ఎంతటి ఉపకారము చేయగలడో అంతటి అపకారమును చేయగలడని వ్యాకరణాలంకారములు చదివిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. మఱియొక కారణమును కలదు. ఆధునిక మతోద్యమములను, వాని వాఙ్మయమును గూర్చి వ్రాయు పరిశోధక విద్యార్థులు ఈ సంపుటములను ఆధారములుగా గ్రహించుట సహజము. ఒక చిత్రము దేనిని ఋజువు చేయును, దేనిని చేయజాలదు అను వివేకము లేనిచో వ్రాసినది చరిత్రము గాక స్తోత్రమైనను అగును, నిందయైనను అగును.

హైదర్‌గూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములను ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఒక వైపున దోమలగూడలో 1973లో స్థాపితమైన రామకృష్ణ మఠము, మరియొక వైపున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువలో అదే సంవత్సరమున వెలసిన సత్యసాయి మందిరము ‘శివమ్’. ఈ నడుమనున్న ఇండ్ల దేవునిగదులలో వేంకటేశ్వరుని పటము ప్రక్కన పరమహంస పటమో, రమణమహర్షి పటమో, సాయి పటమో ఉండుట వింత కాదు. ఆ పటమునకు బొట్టుపెట్టి, పూలదండ వేసి, సాయంకాలము దీపము చూపుదురు. అది దర్శనమునకు ఉద్దేశింపబడినది. అదే చిత్రము చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము వంటి చోట బల్లపై తెఱచిన పుస్తకములో కనబడినపుడు దాని వృత్తి మారును. అపుడది నిదర్శనము. దర్శనమనగా చూచి ధన్యుడగుట. నిదర్శనమనగా చూపి ఋజువు చేయుట. ఒకే కాగితము ఈ రెండు పనులను చేయుచుండుటయే ఈ గ్రంథశాఖలోని ప్రధానమైన చిక్కు. ఈ వ్యాసమున దానిని పుట్టపర్తి చిత్రములను ముఖ్యముగను, జపానుదేశపు సంపుటములను పోలికకొఱకును గ్రహించి పరిశీలింతుము.

పూర్వరంగము

రామకృష్ణ పరమహంస జీవించియుండగా తీసిన ఛాయాచిత్రములు మిక్కిలి స్వల్పము. మొదటిది 1879 సెప్టెంబరు 21న కేశవచంద్రసేనుని గృహమున తీయబడినది. రెండవది 1881 డిసెంబరు 10న కలకత్తాలోని ఒక స్టూడియోలో తీయబడినది. పద్మాసనస్థుడై కూర్చున్న మూడవ చిత్రమును దక్షిణేశ్వరమున అవినాశచంద్ర దాఁ తీసెను. నేడు దేశమంతట పూజలందుకొనుచున్నది ఈ మూడవదే. శారదాదేవియు ఆ చిత్రమును పూజించినది. సమాధిస్థితిలోనున్న వ్యక్తికి కెమెరా తన యెదుట నున్నదన్న స్పృహయే లేదు. కావున ఆ చిత్రమున నటన లేదు, ఏర్పాటు లేదు. సంఖ్య స్వల్పమగుటచే వాని తేదీలను, స్థలములను, తీసినవారిని గూర్చి తరువాతివారు శ్రద్ధగా విచారించిరి. వివేకానందుని నాటికి పరిస్థితి మారినది. 1893 ఫిబ్రవరిలో హైదరాబాదునకు వచ్చి, సికింద్రాబాదు మహబూబు కళాశాలలో ప్రసంగించిన ఆ యువసన్న్యాసి అదే సంవత్సరము సెప్టెంబరులో చికాగో నగరమున థామస్ హారిసన్ అను ఛాయాగ్రాహకుని యెదుట చేతులు కట్టుకొని నిలిచెను. అది కెమెరాను ఎఱిగిన నిలుకడ. ఆ చిత్రమునుండి రంగుల గోడపత్రికయు అచ్చైనది. గురువునకును శిష్యునకును నడుమ పదిపదునాలుగేండ్లలో ఛాయాచిత్రము స్మరణచిహ్నమునుండి ప్రకటనసాధనముగా మారినదని చెప్పవచ్చును.

రమణమహర్షి విషయము తెలుగువారికి మఱింత సన్నిహితము. ఆయనకు ఆ పేరు పెట్టినవాడు కలవరాయి గ్రామవాసియగు కావ్యకంఠ గణపతిముని. ఆశ్రమజీవితమును తెలుగులో నమోదుచేసినది సూరి నాగమ్మ. 1945 మొదలుకొని ఆమె తన సోదరునకు వ్రాసిన లేఖలు ‘శ్రీరమణాశ్రమ లేఖలు’గా ప్రసిద్ధములు. బెంగుళూరునుండి వచ్చిన వెల్లింగ్ 1946లో తీసిన ముఖచిత్రము లోకప్రసిద్ధమైనది. 1950 ఏప్రిల్‌లో ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెస్సాన్ ఆశ్రమమున నుండి మహర్షి చివరి దినములను చిత్రించెను. ఇచట లేఖకును ఛాయాచిత్రమునకును గల భేదము గమనింపదగినది. లేఖ తేదీతోనే పుట్టును. వ్రాసినదెవరు, ఎవరికి, ఎందులకు అన్నవి లేఖలోనే యుండును. ఛాయాచిత్రము మూగది. దానికి తేదీని, పేరును, సందర్భమును ఇతరులు తరువాత వ్రాయవలెను. వ్రాసినది తప్పైనచో చిత్రము నోరు తెఱచి కాదనదు.

హైదరాబాదు రాజ్యముననే ఈ శాఖకు ఒక లౌకికమైన పూర్వరూపము కనబడును. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కొలువున నుండిన రాజా దీనదయాళ్ తీసిన ఆల్బములలో దర్బారులు, వేటలు, భవనములు మాత్రమే కాక, 1899–1900 నాటి కఱవున ఔరంగాబాదు జిల్లాలో జరిగిన సహాయకార్యముల చిత్రములును కలవు. ప్రభువు దయ, దానిని పొందు ప్రజలు, ఆ రెంటికి నడుమ నున్న యంత్రాంగము, ఇవియే వాని విషయము. ఆ కఱవుచిత్రములలోని బక్కచిక్కిన శరీరములు నిజము. వానిని ‘సత్కార్యములు’ అను చట్రమున బిగించుట మాత్రము రాజ్యము చేసిన వ్యాఖ్యానము. తరువాతి మతసంస్థల సేవాచిత్రములను చదువుటకు ఈ ఉదాహరణము మనకు దారిచూపును.

పుట్టపర్తి చిత్రములు

అనంతపురము జిల్లాలోని పుట్టపర్తి (నేడు శ్రీసత్యసాయి జిల్లా) గ్రామమున 1926 నవంబరు 23న సత్యనారాయణరాజు జన్మించెనని ప్రసిద్ధి. 1940 అక్టోబరు 20న ఉరవకొండలో తాను సాయినని ప్రకటించి ఆయన బడిని, ఇంటిని విడిచెనని సంప్రదాయము. 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయము ప్రారంభమైనది. 1958లో ‘సనాతన సారథి’ పత్రిక వెలువడినది. 1960ల ఆరంభమున, కన్నడమున హాస్యరచయితగా పేరొందిన నారాయణ కస్తూరి ఆంగ్లమున ‘సత్యం శివం సుందరం’ అను చరిత్రమును ప్రకటింపసాగెను. ఆ సంస్థ చరిత్రవాఙ్మయమునకు ఇదియే మూలగ్రంథము.

ఈ చరిత్రములో ఛాయాచిత్రమునకు మొదటినుండియు ఒక విశేషస్థానము కలదు. ఉరవకొండ ప్రకటన జరిగిన సమయమున తోటలో రాతిపై కూర్చున్న బాలుని ఫొటో తీయుటకు ఒకడు వచ్చెననియు, ముందున్న మొరటు రాతిని తొలగింపుమని అతడు కోరగా బాలుడు వినలేదనియు, ముద్రించిన చిత్రమున ఆ రాయి షిర్డీ సాయిరూపముగా కనబడెననియు కస్తూరి వ్రాసెను. అద్భుతము తోటలో జరుగలేదు, చిత్రముననే జరిగినది. తోటలో నున్నవారికి అది రాయి. చిత్రమును చూచినవారికి దైవము. ఇట్టి కథనమున కెమెరా సాక్షిగా నుండుట మాని పాత్రగా మారినది. విమర్శకుడు ఇచట గమనింపవలసినది అద్భుతము నిజమా కాదా అన్నది కాదు. రాయి రూపమగుటకు కంటికంటె ముందు వాక్యము కావలెను. చెప్పనిచో కొందఱు రాతిని మాత్రమే చూతురు. చెప్పిన పిమ్మట రూపమును చూడకుండుట కష్టము. చిత్రము క్రింది వ్రాతకు గల బలమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు.

తరువాతి దశాబ్దులలో ఈ మార్గము విస్తరించినది. పటములనుండి విభూతి రాలుచున్నదన్న వార్తలు భక్తుల ఇండ్లనుండి వచ్చుచుండెను. పుట్టపర్తికి పోలేని భక్తునకు పటమే సన్నిధి. ఇట్టి చోట చిత్రము వ్యక్తికి ప్రతినిధి మాత్రమే కాదు, అర్చామూర్తి. మన ఆలయసంప్రదాయమున విగ్రహమునకు ప్రాణప్రతిష్ఠ యుండును. ఇచట శిల్పి లేడు, ఆగమము లేదు. భక్తుని చూపే ప్రతిష్ఠ. కావుననే పటమును విమర్శించుట భక్తునకు వ్యక్తిని అవమానించుటగా తోచును. ఈ సంగతిని తెలియని పరిశోధకుడు పుట్టపర్తి చిత్రవాఙ్మయమును అచ్చుయంత్రముల ప్రచారముగా మాత్రమే వర్ణించి చాలించును. అది సగము మాట.

ఈ శాఖలో మిక్కిలి గణనీయమైన గ్రంథము 2000 సంవత్సరమున పుట్టపర్తినుండియే వెలువడినది. ఆర్. పద్మనాభన్ సంపాదకత్వమున సాయి టవర్స్ ప్రచురణసంస్థ ప్రకటించిన ‘లవ్ ఈజ్ మై ఫార్మ్’ మొదటి సంపుటము 1926 నుండి 1950 వఱకు గల కాలమునకు సంబంధించినది. కరణం సుబ్బమ్మ ఆదరణము, 1945 నాటి పాతమందిరము, ప్రశాంతి నిలయ నిర్మాణము, ఆనాటి భక్తులు, వారి జ్ఞాపకములు దీని వస్తువు. భక్తులు భక్తులకొఱకు చేసిన గ్రంథమిది. అయినను దీనిలో స్తుతిగ్రంథములందు సామాన్యముగా కనబడని గుణమొకటి కలదు. కూర్పరులు చిత్రములతోపాటు పత్రములను కూడ సేకరించిరి. వానిలో బడి రిజిస్టరు పుటలును కలవు. ఆ నమోదులలోని జననతేదీ ప్రసిద్ధమైన 1926 నవంబరు 23తో ఏకీభవింపదు. పాఠశాలలలో చేరిన సంవత్సరములును 1940 నాటి ప్రకటనకథతో పొసగవు. వానినిబట్టి ఉరవకొండ చదువు మూడేండ్లు తరువాతికి జరుగవలసియుండును.

ఈ వైరుధ్యమునకు ఎంత విలువ నీయవలెను? ఆనాటి పల్లెబడులలో పిల్లవాని వయస్సు పెద్దలు చెప్పినదో, ఉపాధ్యాయుడు తోచినట్లు వేసికొన్నదో అగుట అందఱెఱిగిన సంగతి. కావున జననతేదీ విషయమున రిజిస్టరు ఒక్కటియే నిర్ణాయకము కాదు. చేరిక తేదీ అట్లు కాదు. అది ఉపాధ్యాయుడు ఆ దినమున తన కండ్లయెదుట జరిగినదానిని వ్రాసికొన్నది. ఈ రెండు నమోదుల బలాబలములను వేఱుచేసి చూచుట పరిశోధకుని మొదటి పని. ఇంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి. ఆ పుటలను దాచిపెట్టుట సులభమై యుండగా భక్తులే వానిని అచ్చువేసిరి. తాము నమ్మిన కాలక్రమమునకు ఇబ్బంది కలిగించు కాగితమును పూజనీయచిత్రముల ప్రక్కనే ముద్రించుటకు సాహసము కావలెను. ఈ ఒక్క గుణము వలన ఆ సంపుటము ఉత్సవసంచికల వరుసనుండి లేచి చరిత్రాధారముల వరుసలో కూర్చున్నది.

దీనికి లోపములు లేవని కాదు. పాతచిత్రములలో పెక్కింటికి తీసినవారి పేరు తెలియదు. ఒకే రూపమును పుట నిండ పెద్దదిచేసి మాటిమాటికి ఇచ్చుటచే కథనము ఆగి ఆరాధనము మొదలగును. చదువుచున్నవాడు చేతులు జోడించునట్లు చేయుట కూర్పరి సంకల్పమైనపుడు ప్రశ్నించునట్లు చేయుట అతనికి కష్టము. రెండును ఒకే గ్రంథమున నుండుట దాని బలహీనతయు, దాని ఆకర్షణయు కూడ.

జపాను సంపుటములు

జపానులో ఛాయాచిత్రగ్రంథము స్వతంత్రమైన కళారూపముగా పెరిగినది. దొమొన్ కెన్ అను ఛాయాగ్రాహకుడు 1963 నుండి 1975 వఱకు ఐదు సంపుటములలో ప్రాచీన బౌద్ధాలయములను చిత్రించెను. మధ్యలో పక్షవాతము వచ్చినను చక్రాలకుర్చీనుండి ఆ పని సాగించెను. వానిలో మతమున్నది, నాయకుడు లేడు. బుద్ధవిగ్రహపు హస్తము, వస్త్రపు ముడత, కొయ్యస్తంభము, ఇవియే ఆయనకు పాత్రలు. దీనికి భిన్నముగా, ‘లైఫ్’ పత్రికకు పనిచేసి పేరొందిన మికి జున్ 1960ల చివర సోకా గక్కాయ్ అను సంస్థను విషయముగా గ్రహించి చిత్రసంపుటమును వెలువరించెను.

ఈ సంస్థ 1930లో త్సునెసబురో మకిగుచి, జోసెయ్ తొద అను ఉపాధ్యాయులచే స్థాపింపబడినది. యుద్ధకాలమున ప్రభుత్వమతమును అంగీకరింపనందున ఇరువురును చెఱసాలపాలైరి. మకిగుచి 1944లో చెఱలోనే మరణించెను. యుద్ధానంతరము తొద నాయకత్వమున అది మహాసంస్థ యైనది. 1960లో దైసకు ఇకెద అధ్యక్షుడై 1979 వఱకు ఆ పదవిలో నుండెను, 2023లో మరణించెను. సంస్థ వేగముగా పెరుగుచున్న కాలమున ఒక ప్రసిద్ధ వార్తాఛాయాగ్రాహకుడు దానిని చిత్రించుట వలన ఆ గ్రంథమునకు వార్తాచిత్రపు గౌరవము సంక్రమించును. ఇంటివాడు తీసినది స్తుతియని సందేహించువాడు, బయటివాడు తీసినదానిని సత్యమని నమ్మును. కాని బయటివానిని లోనికి రానిచ్చినవారెవరు, ఎంతవఱకు రానిచ్చిరి అను ప్రశ్న అట్లే నిలిచియుండును.

పోలికలో మిక్కిలి విలువైన విషయ మొకటి కలదు. సోకా గక్కాయ్ సభ్యులు ఆరాధించునది గొహొన్‌జొన్ అను మంత్రలేఖము. దానిని ఛాయాచిత్రముగా తీయుట అపచారము. కావున ఈ సంస్థపై ఎంత పెద్ద చిత్రసంపుటము వచ్చినను దాని నడుమ ఒక ఖాళీ తప్పదు. ఆరాధ్యవస్తువు కనబడరాదు. కనబడునది ఆరాధించు జనము, వారి నాయకుడు. చూపరాని దైవము విడిచిన చోటును చూపదగిన నాయకుని ముఖము క్రమముగా ఆక్రమించును. పుట్టపర్తిలో ఇందుకు విపర్యయము. అచట నాయకుడే ఆరాధ్యుడు. ఆయన చిత్రమే అర్చామూర్తి. జపాను సంపుటమున ‘ఈయన మన గురువు’ అను మాట నిలుచును. పుట్టపర్తి సంపుటమున ‘ఈయనయే’ అను మాటతో వాక్యము ముగియును. చూచుటకు రెండును ఒకే విధమైన గ్రంథములు, గర్భమున భిన్నములు. ఇకెద తానే కెమెరా పట్టి ప్రకృతిదృశ్యములను తీసి ప్రదర్శించెను. చూడబడు నాయకుడు చూచువాడుగా కూడ తన్ను నిరూపించుకొనుట ఈ భేదమునకు మఱియొక గుర్తు.

ఛాయాచిత్రము తన కూర్పరి ఉద్దేశమును దాటి బ్రదుకునను సత్యమును కూడ ఈ సంస్థ చరిత్ర తెలుపును. తైసెకిజి ఆలయమున 1972లో సభ్యుల విరాళములతో షోహొందో అను మహామందిరము పూర్తియైనది. 1991లో నిచిరెన్ షోషు పీఠము ఈ సంస్థను బహిష్కరించెను. 1998లో ఆ మందిరమును కూల్చుట ఆరంభమైనది. దానిని చూపు చిత్రములు విజయస్తోత్రముగా తీయబడినవి. నేడవి లేని కట్టడమునకు సాక్ష్యములు.

విమర్శ

భక్తుడు, ‘దర్శనమును పరిశీలనమునకు లోబఱచుట తగదు’ అనును. హేతువాది, ‘ప్రచారపుస్తకమును పరిశీలించుటయే వృథా’ అనును. ఈ ఇరువురును చిత్రమును చదువుటకు నిరాకరించుటలో ఏకీభవించుచున్నారు. భక్తునకు చెప్పదగినది ఇది: బడి రిజిస్టరును అచ్చువేసినవారు భక్తులే; పరిశీలనము శత్రువుల సొత్తు కాదు. హేతువాదికి చెప్పదగినది ఇది: 1991లో పుట్టపర్తిచెంత వెలసిన ఆసుపత్రి నిజము, 1995లో అనంతపురము జిల్లా గ్రామములకు పారిన మంచినీరు నిజము, ఆ బిందెల వరుసను చూపు చిత్రము అబద్ధము కాదు. దీనదయాళ్ కఱవుచిత్రములవలెనే ఇచటను వస్తువు నిజము, చట్రము వ్యాఖ్యానము. నీటిని చట్రముతోపాటు త్రోసివేయరాదు. నీటిని చూచి చట్రమును మఱువరాదు.

చిత్రము లేని దినములను గూర్చియు అడుగవలెను. 1993 జూన్ 6న ప్రశాంతి నిలయమున ఆఱుగురు మరణించిన హింస జరిగినది. జన్మదినోత్సవముల కాలక్రమము ఎంత నిండుగా నున్నను ఇట్టి దినమును ఎట్లు చెప్పినది, అసలు చెప్పినదా అన్నది ప్రతి సంపుటమునందును వెదకవలసిన విషయము. కావ్యమున కవి విడిచినదానిని ధ్వనిగా చదువ నేర్చిన మనము చిత్రసంపుటమున విడిచినదానిని అట్లే చదువవలెను. ఇది ఒక్క సంస్థకు వర్తించు మాట కాదు; ఏ మతమువారి సంపుటమునకైనను ఇదే కొలత.

ఈ విచారమునుండి పరిశోధకులకు ఉపయోగించు సూత్రములు కొన్ని తేలుచున్నవి. మొదటిది: చిత్రమును, దాని క్రింది వ్రాతను రెండు వేఱు ఆధారములుగా గ్రహింపవలెను, వాని కాలములు సామాన్యముగా వేఱు. రెండవది: ఒకే చిత్రము వేర్వేరు సంపుటములలో ఎట్లు కత్తిరింపబడినదో పోల్చవలెను. తాళపత్రప్రతుల పాఠభేదములను చూపు శ్రద్ధయే ఇచటను కావలెను. అంచున నిలిచిన మనిషి ఒక ముద్రణలో ఉండి మఱియొక ముద్రణలో మాయమగుట పాఠభేదమే. మూడవది: నాయకుని విడిచి అంచులను చూడవలెను. ఇటుకలు మోయువారు, వంటశాలలోని స్త్రీలు, పల్లెబాలురు ఈ చిత్రములలో పేరులేక నిలిచియున్నారు. సంస్థ చరిత్రములో వారి కథ వ్రాయబడని పుట. నాల్గవది: గుర్తింపదగిన వృద్ధులు బ్రదికియుండగనే చిత్రములను వారికి చూపి పేర్లు, తేదీలు వ్రాసికొనవలెను. సత్యసాయి 2011 ఏప్రిల్ 24న మరణించెను. ఆయన బాల్యమును ఎఱిగినవారి తరము దాదాపు గతించినది. ఆ తరమువారి ఇండ్ల పెట్టెలలో మిగిలిన పాతచిత్రములు పేరు తెలియక రేపు వట్టి కాగితములగును.

ఛాయాచిత్రము దైవత్వమును ఋజువు చేయజాలదు, కాదనియు చెప్పజాలదు. అది చెప్పగలిగినది ఇంతియే: ఒక దినమున, ఒక చోట, వెలుతురులో ఒక మనిషి కూర్చుండెను, అతని యెదుట కొందఱు కూర్చుండిరి. ఆ దినమేది, ఆ చోటేది, ఆ కొందఱెవరు అను మూడు ప్రశ్నలకు సమాధానము వెదకి వ్రాయుట విశ్వవిద్యాలయము పని. మిగిలినది దేవునిగదికి విడువవలెను. నిదర్శనము నిజాయితీగా నున్నచో దర్శనమునకు దానివలన హాని లేదు.